నాన్న తవ్విన బొగ్గు ఎటు పోయింది

మా నాన్న కొత్తగూడెం బొగ్గు బాయిలో కోల్ ఫిల్లర్. మందు పెట్టి పేల్చి రాల్చిన బొగ్గును తట్టలతో ఎత్తి టబ్బుల్లో నింపేవాడు. టబ్బులు పైకొచ్చేవి. ఆ బొగ్గు పాల్వంచ కరెంటు ప్లాంటుకు పోయి, అక్కడ కాలి, కరెంటై ఊళ్ళ మీదికి వెళ్ళేది. దాంతో ఎన్ని బోర్లు నడిచాయో, ఎన్ని ఇళ్ళలో పిల్లలు రాత్రిపూట పుస్తకం తెరిచారో లెక్క లేదు. నేనూ ఆ వెలుతురులో చదువుకునే లెక్కల టీచర్నయ్యాను. ప్లాంటులో మిగిలిన బూడిదను నీళ్ళలో కలిపి బూడిద చెరువుల్లోకి వదిలేవారు. అది కళ్ళకు కనిపించేది, గాలి వీస్తే కళ్ళలో పడేది కూడా. కానీ బొగ్గులో మండే సరుకు బూడిద కాదు, కార్బన్. ఆ కార్బన్ ఎటు పోయింది?

గాలిలోకి పోయింది. చాలావరకు ఇప్పటికీ ఈ భూమి మీద, గాలిలోనో సముద్రంలోనో చెట్టులోనో తిరుగుతూనే ఉంది. వాతావరణ మార్పు గురించి పత్రికల్లో చదివినప్పుడల్లా ‘మానవుడి స్వార్థం’, ‘మనిషి అత్యాశ’ అనే మాటలు కనిపిస్తాయి. చదివిన ప్రతిసారీ నాకు నాన్న గుర్తొస్తాడు. నల్లటి ఒళ్ళు, నల్లటి ఉమ్మి, ఆదివారం పూట కూడా మస్టర్ (పని హాజరు) దొరికితే చాలనుకుని పరుగెత్తే మనిషి. అత్యాశ అనేది ఆయనలో ఎక్కడుందో నేను వెతకలేను. అలాగని ఆయన నింపిన బొగ్గుకూ, ఇవాళ మా ఊరు ఉడికిపోవడానికీ సంబంధం లేదనీ అనలేను. నేను శాస్త్రవేత్తను కాను. కానీ ఈ రెండు నిజాలనూ ఒకేచోట పెట్టుకుని ఆలోచించడం బొగ్గు తిండి తిని పెరిగిన మాలాంటి వాళ్ళకు తప్పదు.

ముందు లెక్క చెబుతాను. పదో తరగతి పిల్లలకు నిష్పత్తులు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణే ఇచ్చేదాన్ని. 12 కిలోల కార్బన్ కాలితే గాలిలోంచి 32 కిలోల ఆక్సిజన్ తీసుకుంటుంది, రెండూ కలిసి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతాయి. ఏ బ్యాచ్‌లోనైనా ఎవరో ఒకరు లేచి, కాలిపోయిన వస్తువు తగ్గాలి గానీ పెరగడమేంటని అడిగేవారు. మంచి ప్రశ్న. కట్టెలైనా బొగ్గైనా కాలి మాయమైపోతుందని మన కళ్ళు చెబుతాయి. నిజానికి అది బరువు పెరిగి, కంటికి కనిపించని రూపంలో పైకి లేస్తుంది. మన దేశపు బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే కాబట్టి, టన్ను కాలిస్తే సుమారు టన్నున్నర కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మా గనులు నడిపే కంపెనీ సింగరేణి ఇప్పుడు ఏడాదికి దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తీస్తోంది. అదంతా కాలితే 10 కోట్ల టన్నులకు పైనే. ఇంటి లెక్కలో చెప్పాలంటే, బొగ్గుతో తయారైన ఒక్క యూనిట్ కరెంటు వెనక దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. మీటరు ఒక అంకె తిరిగేసరికి ఎక్కడో ఒక కిలో గాలిలో కలుస్తుంది.

ఈ వాయువు విషం కాదు. మనం వదిలే ఊపిరిలో ఉన్నదే, చెట్లు తినేదే. చిక్కల్లా వేడితో దీనికున్న సంబంధంలో ఉంది. సూర్యుడి వెలుగును ఇది అడ్డుకోదు, లోపలికి రానిస్తుంది. నేల ఆ వెలుగుకు వేడెక్కి, ఆ వేడిని కంటికి కనిపించని కిరణాలుగా తిరిగి ఆకాశంలోకి వదులుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఆ కిరణాలను పట్టుకుని, కొంత వేడిని మళ్ళీ కిందికే పంపుతుంది. గాలిలో ఎక్కువ భాగం ఉండే నైట్రోజన్, ఆక్సిజన్ ఆ పని చేయవు. ఆకాశంలో ఉన్నది నేల వేడిని ఆపగలదనడానికి రుజువు మనందరి అనుభవంలోనే ఉంది. చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి వణుకు పుడుతుంది, మబ్బు పట్టిన రాత్రి చలి తగ్గుతుంది. మబ్బులోని నీరూ, గాలిలోని నీటి ఆవిరీ అలాంటి అడ్డే వేస్తాయి. మబ్బు తెల్లారేసరికి తొలగిపోవచ్చు. కార్బన్ డయాక్సైడ్ అలా తొలగేది కాదు. మనం వదిలిన దాంట్లో సుమారు సగాన్ని సముద్రాలూ చెట్లూ పీల్చుకుంటాయి. మిగిలిన దాంట్లో చాలా భాగం వందల ఏళ్ళు, కొంత వేల ఏళ్ళు గాలిలోనే ఉంటుంది. ఇల్లెందు బొగ్గుతో నడిచిన నిజాం కాలపు రైలింజన్ల పొగ కూడా ఇవాళ్టి లెక్కలో ఉంది.

ఇదంతా ఈమధ్య కనిపెట్టిన సంగతి అనుకునేవాళ్ళు చాలామంది. 1856లోనే యూనిస్ ఫూట్ అనే అమెరికన్ మహిళ గాజు గొట్టాల్లో రకరకాల వాయువులు నింపి, వాటిలో థర్మామీటర్లు పెట్టి ఎండలో ఉంచింది. కార్బన్ డయాక్సైడ్ ఉన్న గొట్టం అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కింది, చల్లారడానికీ ఎక్కువ సేపు పట్టింది. ఈ వాయువు గాలిలో పెరిగితే భూమి వేడెక్కుతుందని ఆమె అప్పుడే రాసింది. ఆ వ్యాసాన్ని శాస్త్రవేత్తల సభలో ఆమె బదులు ఒక మగాయన చదివాడు. తర్వాత నూరేళ్ళకు పైగా ఆమె పేరు ఎవరికీ గుర్తు లేదు. ఆడపిల్లలకు సైన్సు ఎందుకనే మాట స్టాఫ్ రూముల్లో విన్నదాన్ని కాబట్టి ఈమె గురించి నా పిల్లలకు ప్రత్యేకంగా చెప్పేదాన్ని. ఆమె ప్రయోగం తర్వాత మూడేళ్ళకు జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త లండన్‌లో దీన్నే మరింత పక్కాగా కొలిచాడు. 1896లో స్వీడన్‌కు చెందిన అరీనియస్ కాగితం, కలం పట్టుకుని, గాలిలో కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో గుణించాడు. 5, 6 డిగ్రీలని తేల్చాడు. ఆయన లెక్క ఇవాళ్టి అంచనాల కన్నా ఎక్కువే, కానీ దారి సరైనదే. ఇల్లెందులో బొగ్గు తీయడం మొదలై అప్పటికి ఏడేళ్ళు.

1958లో చార్లెస్ కీలింగ్ అనే శాస్త్రవేత్త హవాయి దీవిలోని మౌనా లోవా కొండ మీద గాలిని రోజూ కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడు గాలిలోని ప్రతి పది లక్షల భాగాల్లో కార్బన్ డయాక్సైడ్ సుమారు 315 భాగాలు. ఇప్పుడు 420 దాటింది. బొగ్గు యుగానికి ముందు 280. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న పాత గాలి బుడగలను కొలిస్తే, గడిచిన 8 లక్షల ఏళ్ళలో అది ఎప్పుడూ 300 దాటలేదని తేలింది.

‘పెరిగితే పెరిగింది, అది మనిషి వల్లే అని ఎలా చెబుతారు? అగ్నిపర్వతాలు లేవా?’ అని అడిగేవాళ్ళున్నారు. మా కాలనీ పార్కులో పొద్దున నడిచేవాళ్ళలోనే ఇద్దరున్నారు. వాళ్ళు అడిగేది న్యాయమైన ప్రశ్నే. జవాబు బొగ్గులోనే ఉంది. మా గోదావరి లోయ బొగ్గు 25 కోట్ల ఏళ్ళకు పైబడిన అడవి. గ్లోసోప్టెరిస్ అనే నాలుక ఆకారపు ఆకుల చెట్లు బురదలో కూరుకుపోయి బొగ్గయ్యాయి. బాయిలో దొరికిన బండ మీద ఆ ఆకు అచ్చు ఉంటే నాన్న ఒకసారి ఇంటికి తెచ్చాడు. ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. బతికున్న ప్రతి చెట్టులోనూ కార్బన్-14 అనే రకం కాస్త ఉంటుంది. చెట్టు చచ్చాక అది తరుగుతూ, 5,730 ఏళ్ళకు సగమవుతుంది. కోట్ల ఏళ్ళ నాటి బొగ్గులో అది బొత్తిగా ఉండదు. కాబట్టి బొగ్గు, చమురు కాలితే గాలిలో చేరే కార్బన్ ఆ గుర్తు లేనిదై ఉంటుంది, మొత్తం గాలిలో కార్బన్-14 పాలు తగ్గుతుంది. సరిగ్గా అదే తగ్గుదలను హాన్స్ సూయెస్ 1955లో చెట్ల కలపలో పట్టుకున్నాడు. అగ్నిపర్వతాల కార్బన్‌లోనూ ఆ గుర్తు ఉండదు నిజమే. కానీ ప్రపంచంలోని అగ్నిపర్వతాలన్నీ కలిపి ఏడాదిలో వదిలేది మనం కాల్చేదాంట్లో నూటికి ఒక వంతు కూడా కాదు. సూర్యుడే మండిపోతున్నాడందామంటే గాలి పై పొరలు కూడా వేడెక్కాలి. అవి చల్లబడుతున్నాయి. నేల వేడి కిందే చిక్కుకుంటోందనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇక మా ఊరి ఎండ సంగతి. రోహిణి కార్తెలో రోళ్ళు పగలడం మన పెద్దలకు తెలుసు, కొత్తగూడెం, భద్రాచలం, రామగుండం అనగానే ఎండ గుర్తు రావడమూ కొత్త కాదు. కొత్త ఏమిటంటే ఆ ఎండ మొదలయ్యే చోటే పైకి జరిగింది. 19వ శతాబ్దపు రెండో సగంతో పోలిస్తే 2011-2020 మధ్య భూమి సగటు వేడి 1.1 డిగ్రీలు ఎక్కువ. 2024 ఒక్క ఏడాదే చూస్తే ఒకటిన్నర డిగ్రీ దాటింది. ఒక డిగ్రీకే ఇంత గోలా అని కొట్టిపారేయకూడదు. ఇది సముద్రాలూ ధ్రువాలూ కలిపిన సగటు. సగటు కాస్త జరిగితే అంచుల్లో ఉండే రోజులు చాలా పెరుగుతాయి, ఇది ఏ లెక్కల టీచరైనా బోర్డు మీద గీసి చూపించగల సంగతి. మునుపు ఎప్పుడో ఒకసారి వచ్చే విపరీతమైన ఎండ రోజు ఇప్పుడు మరింత తరచుగా వస్తుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చనిపోయినట్టు లెక్క తేలింది. వాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు, కూలి పనివాళ్ళు.

వడదెబ్బ ఎలా చంపుతుందో చాలామందికి సరిగ్గా తెలియదు. చుట్టూ గాలి ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు మన ఒంటికి చల్లబడే దారి చెమట ఒక్కటే. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే కారిన చెమట ఆరదు, కారుతూనే ఉంటుంది, ఒంట్లో నీళ్ళూ ఉప్పూ పోతాయి తప్ప వేడి పోదు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటితే మనిషి తికమకగా మాట్లాడతాడు, తూలతాడు, పడిపోతాడు. అప్పుడు ముందు చేయాల్సింది నీడకు చేర్చి ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరడం. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు. ఆస్పత్రికి తీసుకెళ్తూ కూడా తడపడం ఆపకూడదు. పగటి ఎండకు దెబ్బతిన్న ఒళ్ళు కోలుకునేది రాత్రి. అందుకే రాత్రిళ్ళు వేడెక్కడం పగటి ఎండ కన్నా ప్రమాదకరమని నా నమ్మకం. మా పాత విద్యార్థి ఒకడు ఓపెన్ కాస్ట్ గనిలో కాంట్రాక్టర్ కింద డంపర్ నడుపుతాడు. మొన్న వేసవిలో కూరగాయల మార్కెట్లో కనిపించాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

‘‘పగలు ఎట్లనో కొట్టుకొస్తం టీచర్. మజ్జిగ ప్యాకెట్ ఇస్తరు, తాగుతం. రాత్రి నిద్ర పడ్తలేదు. రేకుల ఇల్లు, పన్నెండింటికి కూడా కాలుతనే ఉంటది. నిద్ర లేకుండ డంపర్ ఎక్కితే ఏమైతదో మీకు తెల్వదా?’’

తెలుసు. డంపర్ తిరిగేది లోతైన క్వారీ అంచు మీద.

వాన గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు, ఇదంతా వాతావరణ మార్పే అన్నారు. కానీ 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, అప్పుడు గాలిలో కార్బన్ ఇప్పటికన్నా తక్కువ. కాబట్టి ఒక వరదను చూపించి ఇది మన పొగ వల్లే అనడం తప్పు. చెప్పగలిగింది వేరే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. వాన పడాల్సిన పరిస్థితి వచ్చినప్పుడు ఆ ఎక్కువ నీరంతా కుమ్మరిస్తుంది. 1986 లాంటి వరద ఎప్పుడో ఒకసారి రావడం గోదావరికి మామూలే. అలాంటివి దగ్గర దగ్గరగా రావడానికి అవకాశం పెరగడం మామూలు కాదు. నదిలో నీళ్ళెంత వచ్చినా ఎవరు మునుగుతారన్నది కరకట్టలు, డ్యాములు, ఇళ్ళెక్కడ కట్టారన్న దాన్ని బట్టి కూడా ఉంటుంది. ఆ బాధ్యతను ఆకాశం మీదికి నెట్టేయడానికి నేను ఒప్పుకోను.

2022 వరదలో దుమ్ముగూడెం, చర్ల, బూర్గంపాడు మండలాల్లో నీళ్ళు చుట్టుముట్టిన కోయ గూడేల్లో అప్పటికి ఇంటికో రెండు బల్బులు, ఫ్యాను ఉంటే ఎక్కువ. ఇక్కడే బాధ్యత ప్రశ్న నన్ను నిలదీస్తుంది. కాల్చింది ఒకరు, తడిసిందీ ఎండిందీ ఇంకొకరు.

డల్లాస్‌లో ఉండే మా అక్క కూతురుతో ఈ మాట వచ్చింది. మంచి పిల్ల, భూమి గురించి నిజంగా బెంగపడుతుంది. ‘‘పిన్నీ, ఇండియా బొగ్గు ఆపకపోతే మిగతా ప్రపంచం ఏం చేసినా లాభం లేదు కదా?’’ అంది. లెక్క చెప్పాను. ఏడాదికి సగటు అమెరికన్ వాటా సుమారు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్, సగటు భారతీయుడిది 2 టన్నులు. బొగ్గు యుగం మొదలైనప్పటి నుంచి ప్రపంచం కాల్చినదంతా కూడితే దాదాపు నాలుగో వంతు అమెరికాది, మనది 3 శాతానికి అటూ ఇటూ. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు విమానంలో వెళ్ళి వస్తే ఒక్కొక్కరి లెక్కలో రెండు టన్నుల పైనే పడుతుంది, అంటే ఇక్కడ ఒక మనిషి ఏడాదంతా బతికినంత. అది విని చిన్నబుచ్చుకోలేదు, తిరిగి అడిగింది: ‘‘సరే పిన్నీ, సగటు భారతీయుడంటే ఎవరు? మూడు ఏసీలున్న మన బంధువుల ఇల్లూ, చర్ల గూడెమూ కలిపితేనే కదా ఆ రెండు టన్నులు?’’

ఆ ప్రశ్నకు నా దగ్గర ఎదురు మాట లేదు. దేశాల మధ్య న్యాయం కావాలని గట్టిగా అడిగే మనం, దేశం లోపల పేదవాళ్ళ చిన్న లెక్క చాటున దాక్కుంటున్నాం. ఒకటిన్నర టన్నుల ఏసీ గంట నడిస్తే సుమారు యూనిట్టున్నర. రాత్రంతా నడిస్తే ఒక గూడెపు ఇల్లు వారం పది రోజులు వాడుకునేంత కరెంటు. ఏసీ బయటికి వదిలే వేడి సందులో పడుకున్న వాళ్ళ మీదికి పోతుంది. ఏసీలు వద్దని నేను అనను. ఈ ఎండల్లో గుండె జబ్బు మనిషికి, పసిబిడ్డకు అది ప్రాణం. 18 దగ్గర పెట్టుకుని రగ్గు కప్పుకోవడం మాత్రం తప్పే. 24 దగ్గర పెడితే ప్రతి డిగ్రీకి సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. 2020 నుంచి కొత్త ఏసీలను మొదట 24 దగ్గరే ఆన్ అయ్యేలా తయారు చేయాలని నిబంధన కూడా ఉంది. 75 వాట్ల పాత ఫ్యాను బదులు 30 వాట్ల ఫ్యాను దొరుకుతోంది.

కానీ బాధ్యతంటే ఫ్యాను మార్చడం దగ్గర ఆగిపోతే నాకు కోపం వస్తుంది. ఎంత కాల్చారన్నది ఒక్కటే కొలత కాదు, తెలిసి కాల్చారా, వేరే దారి ఉండి కాల్చారా అన్నదీ చూడాలి. అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివర్లో, 1980ల మొదట్లో భూమి ఎంత వేడెక్కుతుందో దాదాపు సరిగ్గా అంచనా కట్టారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అదే కంపెనీ, ఈ విషయంలో శాస్త్రానికే స్పష్టత లేదని జనానికి చెబుతూ వచ్చింది. అదే రోజుల్లో మా నాన్న టోపీకి లైటు కట్టుకుని బాయిలోకి దిగేవాడు. ఆయనకు తెలిసిన ప్రమాదం పైకప్పు కూలడం, గ్యాసు అంటుకోవడం. ఈ ఇద్దరినీ ‘మానవ జాతి’ అనే ఒకే గాటన కట్టే వాక్యం ఎవరు రాసినా నేను ఒప్పుకోను. నాన్నకు తెలియదు. నాకు తెలుసు. కాబట్టి నాన్నకు లేని బాధ్యత నాకుంది, కలెక్టరాఫీసులో, సచివాలయంలో, కంపెనీ హెడ్డాఫీసులో కుర్చీల్లో ఉన్నవాళ్ళకు నాకన్నా ఎక్కువుంది.

మన దేశం 2070 నాటికి గాలిలో కలిపే కార్బన్‌నూ, తీసేసే కార్బన్‌నూ సరిసమానం చేస్తానని 2021లో గ్లాస్గోలో మాటిచ్చింది. ఇప్పటికీ మన కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గుదే. అయినా దేశంలో సోలార్ సామర్థ్యం 2025 మొదట్లోనే లక్ష మెగావాట్లు దాటింది, కొత్తగా కట్టే బొగ్గు ప్లాంటు కరెంటు కన్నా కొత్త సోలార్ కరెంటు చవక. రాత్రికి నిల్వ చేయడమే ఇంకా ఖరీదు. సింగరేణే తన ఖాళీ భూముల్లో 200 మెగావాట్లకు పైగా సోలార్ పెట్టింది. పాల్వంచలో పాత ప్లాంటు కూలింగ్ టవర్లను 2024 ఆగస్టులో పేల్చి కూల్చేశారు. ఆ రోజు టవర్లు పడిపోతుంటే చుట్టుపక్కల జనం మేడలెక్కి చూశారు. చాలామందికి అది అక్కడ పనిచేసిన తండ్రులను తలచుకునే రోజు కూడా.

మా ఊళ్ళో భయం ఉంది: సోలార్ వస్తే బొగ్గు పోతుంది, బొగ్గు పోతే ఊరు పోతుంది. ఆ భయాన్ని చులకన చేసే పర్యావరణవాదుల మాట ఇక్కడ ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. కానీ ఒక లెక్క మావాళ్ళకు చెప్పాలి. 1990ల మొదట్లో సింగరేణి కార్మికులు లక్షకు పైన. ఇప్పుడు సుమారు 40 వేలు. ఆ మధ్య కాలంలో బొగ్గు ఉత్పత్తి తగ్గలేదు, సుమారు మూడు రెట్లైంది. అంటే ఆ ఉద్యోగాలు తిన్నది సూర్యుడు కాదు. అండర్ గ్రౌండ్ బాయిలు మూసి ఓపెన్ కాస్ట్‌లు తెరవడం, యంత్రాలు, కాంట్రాక్టు పద్ధతి తిన్నాయి. ఎవరూ ముందుగా చెప్పలేదు, ఎవరూ వేరే పని నేర్పలేదు. రాబోయే మార్పు కూడా అట్లాగే మా నెత్తిన పడకుండా చూడటమే ఇప్పుడున్న పని. సోలార్ ప్లాంటు కట్టేటప్పుడు చాలామందికి పనిస్తుంది, నడిపేటప్పుడు కొద్దిమందికే. కాబట్టి సోలార్ పలకలు పెట్టేసి చేతులు దులుపుకుంటే చాలదు.

డబ్బు లేదని అనడానికి లేదు. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో ప్రతి గనుల జిల్లాలోనూ జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. బొగ్గు తీసే కంపెనీలు రాయల్టీ మీద అదనంగా కొంత దాంట్లో వేయాలి, ఆ డబ్బు గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ళకే ఖర్చు పెట్టాలి. ఆ నిధి నుంచి రోడ్లు, కాంపౌండు గోడలు వస్తున్నాయి, అవీ అవసరమే. కానీ బొగ్గు తెచ్చిన డబ్బులో ముందుగా పడాల్సిన ఖర్చు బొగ్గు తెచ్చిన వేడి మీద. రేకుల ఇళ్ళకూ స్లాబులకూ తెల్ల పూత వేస్తే లోపలి వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ 2023లో దీనికి కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అది మా రేకుల బస్తీల దాకా రావాలి. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేసవి నాలుగు నెలలు ఒక చల్లటి గది, ఐసు, చన్నీళ్ళ తొట్టి సిద్ధంగా ఉండాలి. 2025 ఏప్రిల్లో రాష్ట్ర ప్రభుత్వం వడదెబ్బ మరణానికి 4 లక్షల పరిహారం ప్రకటించింది, మంచిది, అయితే ఆ చావు వడదెబ్బ వల్లేనని రాసే డాక్టరు, రాయించుకోవడం తెలిసిన కుటుంబం ఉంటేనే అది అందుతుంది. కాంట్రాక్టు కార్మికులకు మజ్జిగ ప్యాకెట్‌తో సరిపెట్టకుండా, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆరుబయటి పని ఆపి ఆ గంటలకు కూలి ఇవ్వాలి. ఐటీఐలో బ్యాటరీ నిల్వ, సోలార్, పాత గనుల నీళ్ళను వాడుకునే పనులు నేర్పే కోర్సులు, అవి చదివిన స్థానిక పిల్లలకు రాతపూర్వకంగా ఉద్యోగ హామీ కావాలి.

ఈ కోరికలన్నీ మా కాలనీలో రిటైరైన కార్మికులు, టీచర్లు కొందరం కూర్చుని కాగితం మీద పెట్టాం. డంపర్ నడిపే నా విద్యార్థి కూడా చదివి, మధ్యాహ్నం పని ఆపే సంగతిని అన్నిటికన్నా పైకి మార్చమన్నాడు, మార్చాం. జిల్లా ఖనిజ నిధి సమావేశంలో ఆ కాగితం చదవడానికి అనుమతి అడుగుతున్నాం. కోల్ ఫిల్లర్ కూతురిగా చదివే పని నేనే తీసుకున్నాను.